సిలబస్‌ను వెనకబడనివ్వండి

తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం బస్సెక్కితే ఆ దారిలోనే మాకవరపాలెం వస్తుంది. 2025 మెగా డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని ఈ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో లెక్కల మాస్టార్లుగా, టీచర్లుగా చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ ప్రాంతపు బళ్లలో నేను ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఇక్కడ రాసేవి చాలావరకు మీ బీఈడీ నోట్సుకూ, శిక్షణ తరగతుల్లో విన్నవాటికీ ఎదురు తిరుగుతాయి. తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తే తప్పంటారు. నన్నూ అన్నారు. ఒక ఏడాది వాళ్ల మాట విని ఈ పద్ధతులన్నీ మానేశాను. ఆ ఏడాదంతా నా క్లాసులో చివరి బెంచీ నోరు తెరవలేదు. మళ్లీ మానలేదు.

జూన్‌లో పాఠ్యపుస్తకం తెరవకండి

పదో తరగతిలో మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు. రెండు వారాల్లో అది ముగించాలని వార్షిక ప్రణాళికలో మీ చేత్తోనే రాసి ఉంటారు. ఆ కాగితం పక్కన పెట్టి మొదటి రోజు ఒక్క భాగహారం ఇవ్వండి. 824ను 8తో భాగించమనండి. ప్రతి ఏడాదీ నా క్లాసులో పది పన్నెండు మంది 13 అని రాసేవారు. ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి పోయింది, రెండులో ఎనిమిది పోదు కాబట్టి అక్కడ ఏమీ రాయలేదు, ఇరవైనాలుగులో మూడుసార్లు పోయింది. ఏమీ లేని చోట సున్న రాయాలని వాళ్లకు ఎవరో చెప్పే ఉంటారు. ఎందుకు రాయాలో చెప్పి ఉండరు.

2022 అసర్ విద్యాస్థితి నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 44.7 శాతం. మిగతా సగానికి పైగా పిల్లలు అది రాకుండానే తొమ్మిదికీ పదికీ వచ్చేస్తున్నారు. వాళ్లకు ప్రధాన కారణాంకాల లబ్ధం చెప్పి, కసాగు గసాభా చెప్పి, √2 కరణీయ సంఖ్య అని బోర్డు నిండా నిరూపించి, పాఠం అయిపోయిందని రిజిస్టరులో రాసుకోవచ్చు. అయిపోయేది పాఠం మాత్రమే.

జూన్, జూలై నెలలు తీసివేతకూ భాగహారానికీ భిన్నాలకూ ఇవ్వండి. సిలబస్ ఆగస్టులో మొదలుపెట్టండి. వెనకబడిందని తనిఖీ పుస్తకంలో రాస్తారు. రాయనివ్వండి. హెడ్‌మాస్టారికి మాత్రం బడి తెరిచిన మొదటి వారంలోనే విషయం చెప్పేయండి, ఆయన్ని ఇరుకున పెట్టకూడదు.

అయితే పదిహేనేళ్ల పిల్లవాడి ముందు మూడో తరగతి లెక్కల పుస్తకం పెట్టకండి. మీసం మొలుస్తున్నవాడికి అంతకు మించిన అవమానం లేదు. తీసివేత రానివాడికి 6174 ఇవ్వండి. నాసిక్ దగ్గర దేవలాలీలో 1930 నుంచి 1962 దాకా బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో పట్టుకున్న సంగతి అది. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు. ఆ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేయండి. వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 తీసుకుంటే 5432లోంచి 2345 పోగా 3087. తర్వాత 8730లోంచి 0378 పోగా 8352. తర్వాత 8532లోంచి 2358 పోగా 6174. ఇక అక్కడి నుంచి కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు అంచెల్లోపు అక్కడికే చేరుతుంది.

పిల్లలు నమ్మరు. తమ ఇంటి నంబరుతో, బండి నంబరుతో, పుట్టిన సంవత్సరంతో చేసి చూస్తారు. ఒక పీరియడ్‌లో ఒక్కొక్కరు ఇరవై తీసివేతలు చేస్తారు, అన్నింటిలోనూ అప్పు తెచ్చుకోవడం ఉంటుంది, చేయమని మీరు చెప్పనక్కర్లేదు. తప్పు దొర్లిందో లేదో తెలియడానికి మీ దగ్గరికి రావలసిన పని కూడా లేదు. వచ్చిన ప్రతి సంఖ్యలోనూ అంకెలు కూడితే తొమ్మిది గుణిజం రావాలి, రాకపోతే ఎక్కడో అప్పు మర్చిపోయినట్టే. మొదటి బెంచీ పిల్లల్ని అలా ఎందుకు వస్తుందో నిరూపించమనండి. వెనక బెంచీ తీసివేత దిద్దుకుంటుంటే ముందు బెంచీ బీజగణితం చేస్తుంది, రెండు బెంచీల మధ్యా ఒకే లెక్క ఉంటుంది.

తప్పును చెరపకండి

బోర్డు దగ్గరకు వచ్చి ఒక అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాస్తుంది. మీ చెయ్యి డస్టర్ మీదికి పోతుంది. ఆపుకోండి. ఆ లెక్క చుట్టూ సుద్దతో గీత గీసి, వారమంతా అక్కడే ఉండనివ్వండి. మిగతా బోర్డు మీద మీ పాఠం చెప్పుకోండి.

అలా ఎందుకు చేశావమ్మా అని నేను అడిగితే ఒక అమ్మాయి ఇలా చెప్పింది: "మీరు మార్కులు అలాగే కూడతారు గదా మాస్టారూ." నేను స్లిప్ టెస్టులు కలిపే తీరు చూసి అంది. ఒక దాంట్లో రెండు లెక్కలకు ఒకటి ఒప్పు, ఇంకో దాంట్లో మూడింటికి ఒకటి ఒప్పు, కలిపి అయిదింటికి రెండు. నిజంగానే నేను అలా కలిపాను, అలా కలపడం ఒప్పే. ఆ అమ్మాయి రాసింది ఇంకో ప్రశ్నకు సరైన జవాబు. ఆ రోజు దాన్ని చెరిపేసి కసాగు ఆరు, మూడూ రెండూ అయిదు, 5/6 అని రాసేసి ఉంటే ఆ పిల్ల తల ఊపి, నోట్సులో దించుకుని, పరీక్షలో మళ్లీ 2/5 రాసేది. ఎందుకంటే తన పద్ధతి ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఎవరూ తేల్చలేదు.

తేల్చడానికి మాకు గానుగ పనికొచ్చింది. ఇక్కడి బెల్లం అనకాపల్లి మార్కెట్‌కు పోతుంది, చెరకు రసం కాచే పెనం చూడని పిల్లలు క్లాసులో తక్కువ. సగం పెనం రసం ఉంది, అదే పెనంలో మరో మూడో వంతు పోశాం, మొత్తం ఎంత? 2/5 అంటే సగం కన్నా తక్కువ. "పొయ్యి రాజెయ్యకుండానే రసం ఇగిరిపోయిందేటి!" అని వెనక నుంచి ఒక గుంటడు అన్నాడు. అందరూ నవ్వారు, రాసిన అమ్మాయి కూడా నవ్వింది. పెనం ఒకటేనా, రెండా అన్న ప్రశ్న అప్పుడు వాళ్లలోంచే వచ్చింది. మార్కుల్లో రెండు పరీక్షలకు రెండు వేరువేరు మొత్తాలు, పెనం దగ్గర ఒకటే మొత్తం. ఈ మాట పట్టుకున్నాక హారాలు సమానం చేయడం ఎందుకో ప్రత్యేకంగా చెప్పాల్సిన పని పడలేదు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆ అమ్మాయే వచ్చి, అడిగి, చెరిపింది.

ఇలాంటివి పోగేస్తూ పోతే ఇంకో సంగతి బయటపడుతుంది. పిల్లల తప్పుల్లో చాలావాటికి మూలం మన నోట్లో మాటే. 52లోంచి 38 తీసేస్తే 26 అని రాసినవాడు, ఎనిమిదిలోంచి రెండు తీశాడు, అయిదులోంచి మూడు తీశాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని రెండో తరగతిలో చెప్పిన మాటను ఎనిమిదేళ్లు నమ్మకంగా పాటించాడు. −3 − 5 = 8 అని రాసినవాడిని అడగండి, మైనస్ మైనస్ ప్లస్ అంటాడు. ఆ పాట నేర్పింది మనమే, గుణకారానికి మాత్రమేనని నేర్పనిదీ మనమే. మూడు వందలు అప్పుంది, ఇంకో అయిదు వందలు అప్పు చేశాడు అని అదే లెక్క అడిగితే ఎవరూ తప్పు చెప్పరు. "అప్పుకు అప్పు కలిస్తే లాభమొస్తదేటి మాస్టారూ!" అంటారు.

నా ఉద్యోగం తొలి రోజుల్లో ఒక పిల్లవాడు 0.8 కన్నా 0.75 పెద్దదని బోర్డు మీద రాశాడు. క్లాసు ముందే చెరిపేసి, తొమ్మిదో తరగతికి వచ్చావు, ఇదీ తెలియదా అని కూర్చోబెట్టాను. వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుందని, సెలవుల్లో కాటా దగ్గర వాడే నిలబడతాడని తర్వాత తెలిసింది. కాటా మీద 0.750 పడితే ముప్పాతిక కిలో, 0.800 పడితే ఇంకో యాభై గ్రాములు ఎక్కువ అని వాడికి నాకన్నా బాగా తెలుసు. ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే వాడే దిద్దుకునేవాడు. ఆ ఏడాది మళ్లీ బోర్డు దగ్గరకు రాలేదు. పై ఏడాది పదిలో లెక్కలు తప్పాడు, చదువు ఆపేశాడు. ఆ డస్టర్ దెబ్బ నాది. చెరపవద్దని మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ పిల్లవాడే.

ఒప్పు జవాబుకు చప్పట్లు కొట్టించకండి

ఒప్పు చెప్పినా, తప్పు చెప్పినా ఒకే గొంతుతో "ఎలా వచ్చింది?" అని అడగండి. తప్పుకు మాత్రమే అలా అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు మార్చేసుకుంటారు. చెప్పేది ఇంతే.

సూత్రం ఆఖరున ఇవ్వండి, వీలైతే ఇవ్వకండి

2024-25 నుంచి మన పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. అందులో ఘనపరిమాణాల పాఠం మొదట్లోనే బొంగరం లెక్క ఉంది. శంకువు మీద అర్ధగోళం, మొత్తం ఎత్తు 5 సెంటీమీటర్లు, వ్యాసం 3.5. రంగు వేయాల్సిన వైశాల్యం కావాలి. సూత్రాల పట్టిక ముందుగా ఇచ్చిన ఏడాది క్లాసులో ఎక్కువమంది శంకువు సంపూర్ణతల వైశాల్యం, అర్ధగోళం సంపూర్ణతల వైశాల్యం తీసి కూడారు. శంకువు ఎత్తు 5 అనే వేశారు.

తర్వాతి ఏడాది పట్టిక ఇవ్వలేదు, ఏటికొప్పాక లక్క బొంగరాలు నాలుగు కొని తెచ్చాను. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంగరం చేతిలో తిప్పి చూస్తూ ఒక పిల్ల అడిగింది: "గుండ్రానికీ మొనకీ మధ్య లోపలికి రంగెలా వెళ్తది మాస్టారూ?" వెళ్లదు. రెండు వృత్తాలు వాటంతటవే లెక్కలోంచి పోయాయి. గుండ్రం ఎత్తు 1.75 పోతే మొన ఎత్తు 3.25 అని స్కేలు పెట్టి చూసుకున్నారు. ఏటవాలు ఎత్తు సుమారు 3.7, వైశాల్యం సుమారు 39.6 చదరపు సెంటీమీటర్లు. పట్టిక వాళ్లే రాసుకున్నారు, డిసెంబరులో. నాలుగు బొంగరాలకు అయిన ఖర్చు ఒక గైడు ధరకన్నా తక్కువ.

ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ కూడా అంతే. ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసినవాళ్లను ఆరుబయటికి తీసుకెళ్లి, నేల మీద 13 అడుగుల చదరం గీయించండి. అందులో ఒక మూల 10 అడుగుల చదరం, ఎదురు మూల 3 అడుగుల చదరం. మిగిలిపోయిన రెండు పట్టీల్లోనూ మనుషుల్ని నిలబెట్టండి. పది మూళ్లు ముప్పై, రెండు ముప్పైలు అరవై. 109కీ 169కీ మధ్య పోయిన భూమి అక్కడుంది. సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెళ్లిన ఊళ్లలో ఈ లెక్క ఎవరూ మర్చిపోరు.

పుస్తకం మాట వెనక, ఊరి మాట ముందు

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు మీడియంలో తెలుగు మాట్లాడితే ఊరుకోరని మీకు భయం ఉంటుంది. నేను తెలుగు పేజీ కూడా సరిపోదంటాను. రేషియో అన్నా నిష్పత్తి అన్నా పిల్లవాడికి ఒకటే దూరం. తాపీమేస్త్రీ దగ్గర పనికెళ్లినవాడికి "ఒకటికి నాలుగు పాళ్లు" తెలుసు. పాళ్లు అనండి, రెండు వారాల తర్వాత నిష్పత్తి అనండి, ఇంకో వారానికి రేషియో అనండి. మధ్యగతం కన్నా ముందు నడిమిది, వాలు తర్వాత స్లోప్. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్క చెప్పడానికి మనకు ఇంకొకరి అనుమతి అక్కర్లేదు.

ఎక్కాలు బట్టీ పట్టించండి

ఇక్కడ కొత్త పద్ధతుల వాళ్లకు కోపం వస్తుంది. అర్థం చేసుకుంటే చాలు, బట్టీ వద్దు అంటారు. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద కూడుకుంటూ కూర్చున్నవాడికి వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టేటప్పుడు అర్థం చేసుకోవడానికి తలలో చోటు మిగలదు. పన్నెండో ఎక్కం దాకా కంఠస్థం రావాలి, తిరగేసి కూడా రావాలి: 56 ఎవరెవరికి పుట్టిందో టక్కున చెప్పాలి. రోజూ పీరియడ్ మొదట అయిదు నిమిషాలు, గొంతెత్తి, అందరూ కలిసి. పక్క క్లాసు టీచర్ విసుక్కుంటే క్షమాపణ అడగండి, ఆపకండి.

వారానికొక రోజు తయారు కాకుండా వెళ్లండి

పీరియడ్ ప్రణాళిక లేకుండా, సుద్దముక్క ఒక్కటే పట్టుకుని వెళ్లండి. లెక్క పిల్లలు ఇవ్వాలి. మీకు అప్పటికప్పుడు రాకపోవాలి. రానప్పుడు మనిషి ఏం చేస్తాడో పిల్లలు ఎప్పుడూ చూడరు. మనం ఇంట్లో చేసుకొచ్చిన లెక్కను ఆగకుండా బోర్డు మీద రాస్తాం, లెక్కలు వచ్చినవాళ్లకు అలా వచ్చేస్తాయని వాళ్లు అనుకుంటారు.

ఒక శుక్రవారం ఒక అబ్బాయి అడిగాడు: ఎకరం చుట్టూ కంచెకు ఎంత తీగ కావాలి? ఎకరం అంటే వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు, మొత్తం 4840. చుట్టుకొలత ఎంత? నేను నలుచదరం అనుకుని వర్గమూలం తీశాను. భుజం 69.57 గజాలు, తీగ సుమారు 278 గజాలు. "మా చేను అలా ఉండదండీ, కాలవ పొడుగునా సన్నంగా ఉంటది" అన్నాడు. వెడల్పు ఇరవై గజాలు ఉంటుందన్నాడు. అప్పుడు పొడవు 242, తీగ 524 గజాలు. ఎకరం ఎకరమే, తీగ దాదాపు రెట్టింపు. నేను కాసేపు బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయాను, క్లాసు కూడా మాట్లాడలేదు. ఆ తర్వాత గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వాళ్ల నాన్నకూ చిన్నాన్నకూ చెరో ఎకరం పంచారట, చిన్నాన్నది నలుచదరం. పంపకం సమానమేనా అన్నది సోమవారం దాకా సాగింది. చుట్టుకొలతా వైశాల్యమూ ఇచ్చి భుజాలు కనుక్కోమనే వర్గ సమీకరణాల లెక్కలు, తర్వాత పాఠంలో వచ్చినప్పుడు, ఆ క్లాసుకు సగం వచ్చే ఉన్నాయి.

ఇంటిపని ఇవ్వకండి

అభ్యాసం మొత్తం చేసుకు రమ్మంటే ఒకరు చేస్తారు, ముప్పై మంది దించుతారు. దానికి బదులు వారానికి ఒక్కటి అడగండి: మీ ఇంట్లో పెద్దవాళ్లు వేసే లెక్క ఒకటి వేసినట్టే రాసుకు రండి. టన్ను చెరకుకు సుమారు వంద కిలోల బెల్లం లెక్క వస్తుంది. కూలి లెక్క వస్తుంది. డ్వాక్రా సంఘం పుస్తకంలోంచి నూటికి రూపాయి వడ్డీ వస్తుంది. నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం అని మా పిల్లల్లో చాలామందికి తెలియదు, బారువడ్డీ లెక్కలు నూటికి నూరు చేసినవాళ్లకు కూడా. ఇంట్లో వడ్డీ ఒకటి, పుస్తకంలో వడ్డీ ఇంకొకటి అనుకుంటున్నారు. ఈ ఇంటిపనిలో దించడానికి ఏమీ ఉండదు, ఇద్దరి ఇళ్లు ఒకలా ఉండవు. ఇంకో లాభం, అక్షరాలు రాని తల్లి కూడా కూతురికి లెక్క చెప్పిన మనిషి అవుతుంది.

జనవరిలో గానుగలు ఆడుతుంటాయి. కొందరు పిల్లలు బడి మానేస్తారు. తిట్టకండి. గానుగ దగ్గరికే ఈ పని పంపండి, వచ్చిన రోజు ఆ కాగితంతోనే క్లాసు మొదలుపెట్టండి.

35 కోసం చెప్పకండి

డిసెంబరు వచ్చేసరికి వంద రోజుల ప్రణాళిక వస్తుంది. పిల్లల్ని గ్రూపులుగా విడదీస్తారు. చివరి గ్రూపుకు ముఖ్యమైన ప్రశ్నలు పాతిక ఇచ్చి, వాటినే రోజూ రాయిస్తారు. నూటికి 35 వస్తే చాలు. ఈ పని చేసి నేనూ పాస్ చేయించాను. అలా పాసైనవాళ్లు ఇంటర్‌లో గానీ, పాలిటెక్నిక్‌లో గానీ మొదటి నెలలోనే నిలిచిపోవడం కూడా చూశాను.

అన్ని పాఠాలూ సగం సగం చెప్పే బదులు, రెండు పాఠాలు క్లాసులో పూర్తిగా వదిలేయండి. నేను ఎక్కువసార్లు త్రికోణమితి సర్వసమీకరణాల్నీ, ఇంకో చిన్న పాఠాన్నీ వదిలాను. ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది కాబట్టి, ఆ ఆశ ఉన్న పిల్లల్ని సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి ఆ రెండూ చెప్పండి. వాళ్లకు నష్టం చేసే హక్కు మనకు లేదు. మిగతావాళ్లు మిగిలిన పాఠాల్లో తమంతట తాము ఏ ప్రశ్నకైనా చెయ్యి పెట్టగలిగితే ముప్పై అయిదు దాటుతాయి. నా క్లాసుల్లో దాటాయి. అందరూ కాదు. ప్రతి ఏడాదీ ఇద్దరో ముగ్గురో తప్పారు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి వాళ్లను నేను మళ్లీ 824 భాగహారం నుంచే మొదలుపెట్టించాను.

ఒక నోటుపుస్తకం

రెండు వందల పేజీలది కొనండి. బోర్డు మీద గీత గీసి ఉంచిన ప్రతి తప్పునూ, పేరు రాయకుండా, అందులో దించండి. పక్కన ఆ పిల్లవాడు చెప్పిన కారణాన్ని వాడి మాటల్లోనే రాయండి. దాని కింద, ఏం చేస్తే తేలిందో ఒక్క వాక్యం. తేలకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి. రెండేళ్లకు మీకు తెలుస్తుంది, తప్పులు కొత్తవి పుట్టవు, అవే పాతికో ముప్పైయో మళ్లీ మళ్లీ వస్తాయి. పై ఏడాది పిల్లలకు ఆ పుస్తకమే ఇచ్చి, ఎవరు ఏమనుకుని ఇలా రాసి ఉంటారో కనుక్కోమనండి. నేను చెప్పిన అన్ని పనుల్లోకీ పిల్లలు ఇష్టంగా చేసింది ఇదే.

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఆ పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లకండి. లెక్కల బీరువాలో, పై అరలో, కంపాస్ పెట్టె పక్కన పెట్టండి. మీ తర్వాత వచ్చే మాస్టారికి బడి తెరిచిన మొదటి రోజు పనికొస్తుంది.